పక్క ప్లాట్ల ఇల్లు లేస్తుంటే కిరాయికి ఉన్నోళ్లు ఎట్ల నెట్టుకు రావాలె

మాది పాలమూరు, బోర్డుల మీద మహబూబ్‌నగర్ అని ఉంటది గాని మాకు పాలమూరే. మూడంతస్తుల బిల్డింగ్‌ల రెండో ఫ్లోర్ల కిరాయికి ఉంటున్నం. పోయినేడు శ్రావణంల మా బెడ్‌రూమ్ కిటికీ అవతల ఖాళీగ పడి ఉన్న 200 గజాల ప్లాట్ల ముగ్గు పోసి కొబ్బరికాయ కొట్టిన్రు, మాకు గూడ ప్రసాదం పంపిన్రు, మంచిగనే తిన్నం. తెల్లారి ఆరుంబావుకు బండ పగలగొట్టే బ్రేకర్ తగిలించిన ఇటాచీ దిగింది. ఆడికెళ్లి పది నెలలు. మా ఆయన నైట్ డ్యూటీ చేసి పొద్దున ఏడింటికి వచ్చి పండుకునే మనిషి, బిడ్డ ఇంటర్ సెకండియర్, నేను ఇంట్ల కూసోనే అకౌంట్స్ పని చేస్త, దినాం రెండు మూడు ఫోన్ మీటింగులు ఉంటయి. అంటే ఇంట్ల ఉన్న ముగ్గురికి మూడు వేర్వేరు టైముల నిశ్శబ్దం కావాలె. నాలెక్క ఇల్లు కట్టే చప్పుడుల ఇరుక్కున్నోళ్లకు పనికొస్తదని ఇది రాస్తున్న.

సొంతిల్లు అయితే కిటికీలకు డబుల్ గ్లాస్ వేయించుకుంటరు. మనం మేకు కొట్టాలన్నా ఓనర్‌ని అడగాలె. ఇల్లు మారుదమంటే సామాన్ల బండి, కొత్త అడ్వాన్సు, పిల్లల కాలేజీ, పైగా ఆ కొత్తింటి పక్కన ఎవరు ముగ్గు పోస్తరో ఎవరికెరుక. అందుకే ఉన్నకాడనే ఉండి, పైసలు ఎక్కువ పెట్టకుంట ఏం చెయ్యొచ్చో అది చెప్త.

మొదటి వారం నేను చేసిన పని మాత్రం మీరు చెయ్యకండి. బాల్కనీల నిలవడి కిందికి ఒర్రిన. మిషన్ మోతల నా మాట వాళ్లకు ఇనవడనే లేదు, చేతులు ఊపుతుంటే ఏదో పలకరిస్తున్ననుకొని ఒక పిలగాడు తిరిగి చెయ్యి ఊపిండు. ఆ రాత్రి మా నాయినకు ఫోన్ చేసిన. మా నాయిన ముప్పై ఏండ్లు సెంట్రింగ్ పని చేసిండు, బొంబాయి బస్సెక్కి పోయి నెలలకు నెలలు ఆడనే ఉండెటోడు. పాలమూరు లేబర్ అంటే దేశమంతట తెలుసు కదా, ఎక్కడి డ్యాములు ఎక్కడి కాలువలల్లనో మనోళ్ల చెమట ఉంటది. నేను చెప్పింది అంత ఇని నవ్విండు. "బిడ్డా, చప్పుడు చెయ్యకుంట ఇల్లెట్ల కడతరే? ఆపుమని అడగకు. ఏ పూట ఏ పని ఉంటదో అడుగు" అన్నడు. ఆ పది నెలలు నన్ను కాపాడింది ఆ ఒక్క మాటనే, మిగతావన్నీ దాని ఎనకాల వచ్చినయే.

ముందుగల పని ఎక్కడిదాక వచ్చిందో చూడండి

ఇల్లు కట్టుడంటే ఒక్కటే చప్పుడు పది నెలలు ఉంటదని అనుకుంటం, అందుకే గుండె ఆగినంత పనైతది. అట్ల ఉండదు. కొన్ని దినాలు నరకం, మధ్యల వారాలకు వారాలు మామూలుగ ఉంటది. ఏది ఎప్పుడొస్తదో తెలిస్తే సగం భారం దిగుతది.

అన్నిటికంటె ముందు బండ. మన పాలమూరు, నల్లగొండ దిక్కు నేల ఎక్కువ మటుకు గ్రానైట్ రాయి, పైన రెండడుగులు మన్ను ఉండి కింద బండ తగులుతది, పిల్లర్ గుంతలు తియ్యాలంటే బ్రేకర్ పెట్టక తప్పదు. టకటకటక అని కొడుతుంటే చెవికే కాదు మంచానికి గూడ తెలుస్తది, అల్మారల గిన్నెలు కదులుతయి. మా పక్కన ఇది ఆరు దినాలు నడిచింది. రాయి మరీ పెద్దగుంటే బొక్కలు వేసి అందుల పౌడర్ కలిపి పోసే పద్ధతి ఒకటుంది, రాత్రికి రాత్రి అది ఉబ్బి రాయిని చీలుస్తది, బొక్కలు వేసేటప్పుడే చప్పుడు, తర్వాత ఉండదు. ఓనర్‌కు తెల్వకపోవచ్చు, ఒక మాట చెప్పి చూడండి, ఖర్చు చూసుకొని వద్దనొచ్చు గూడ. గాని ఇండ్ల మధ్యల జిలెటిన్ పెట్టి పేల్చుడు మొదలు పెడితే మాత్రం మొహమాటం వద్దు, పోలీసులకు ఫోన్ చెయ్యాల్సిందే.

బోరు బండి ఇంకో రకం. ఒక్క దినం పనే, కాకపోతే ఆ బండ్లు ఒక కాడ అయినంక ఇంకో కాడికి పోతుంటయి కాబట్టి మన వాడకు అర్ధరాత్రి గూడ రావొచ్చు, తెల్ల దుమ్ము మన డాబా దాక లేస్తది. బోరు ఎప్పుడని ముందుగల అడిగి పెట్టుకుంటే కిటికీలు మూసి బట్టలు తీసి పెట్టుకోవచ్చు.

తర్వాత ఇనుప సలాక కోసుడు, వంచుడు, సెంట్రింగ్ పలకలు కొట్టుడు. ఇది సుత్తి చప్పుడు, మధ్యల మధ్యల వస్తది, పగలు ఓర్చుకోవచ్చు.

స్లాబ్ పోసే దినం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలె. కాంక్రీట్ కలిపే డీజిల్ మిల్లర్ పొద్దున ఏడింటికి మొదలైతే స్లాబ్ అయిపోయే దాక ఆగదు, పైనుంచి వైబ్రేటర్ జుయ్యిమంటది, ముప్పై నలభై మంది ఉంటరు, ఒకల మీద ఒకలు కేకలు. రాత్రి ఎనిమిది తొమ్మిది గూడ అయితది. ఆ దినం పోయి ఆపుమంటే ఎవ్వరు ఆపరు, ఆపకూడదు గూడ. సిమెంటు నీళ్లు కలిసిన అరగంట దాటినంక ఎప్పుడైన గట్టిపడుడు మొదలు పెట్టొచ్చు, సగం పోసి ఆపి మళ్ల పోస్తే ఆ రెండిటి మధ్య అతుకు పడతది, రేపు వానకు నీళ్లు ఆడికెళ్లే కారుతయి. మా నాయినది ఒకటే మాట, స్లాబ్ దినం కొట్లాడెటోనికి ఇల్లు కట్టుడు గురించి ఏం తెల్వదని. ఆ దినం మనమే ఇంట్ల ఉండొద్దు. మేం పోయి పిల్లలమర్రి కాడ టిఫిన్ డబ్బా పెట్టుకొని కూసున్నం, ఆ పెద్ద మర్రిచెట్టు ఊరికి నాలుగు కిలోమీటర్లే, మా ఆయన ఆడనే చాప మీద గురక పెట్టిండు.

స్లాబ్ పడినంక రెండు మూడు వారాలు పండగ. కింద స్లాబ్‌ను మోసే కట్టెలు, బల్లీలు అంటరు, అట్లనే ఉంటయి, పైన నీళ్లు నిలవెడతరు, పెద్ద చప్పుడు ఉండదు. ఏమైన పరీక్షలు, చుట్టాలు, చిన్నపిల్లల బారసాల ఉంటే ఆ మధ్యల పెట్టుకోండి. సెంట్రింగ్ విప్పే దినం మాత్రం పలకలు పైనుంచి ధడేల్ ధడేల్ అని కింద పడేస్తరు, అది ఒక్క పూట. ఇటుక పని, ప్లాస్టరింగ్ మెత్తటి పనులు, ఆ మేస్త్రీలు పాడుకుంట చేస్తరు.

అసలు పీడ కోసుడు కాడ ఉంటది. ప్లాస్టరింగ్‌కు ముందు కరెంటు పైపుల కోసం గోడలు కోసేటప్పుడు, మళ్ల చివరిల టైల్స్, గ్రానైట్ కోసేటప్పుడు. అది పంటి డాక్టర్ దగ్గర మిషన్ చప్పుడు లాంటిదే, వంద రెట్లు. చప్పుడును డెసిబెల్స్‌ల కొలుస్తరు, కోసే మనిషి చెవి దగ్గర 100 డెసిబెల్స్ దాక ఉంటది, పాపం వాళ్లకు చెవులల్ల దూది గూడ ఉండదు. మా పక్కన గ్రానైట్ పని నెలన్నర నడిచింది. మీ ఓర్పు అంత దీనికోసం దాచిపెట్టుకోండి, బ్రేకర్ కాడనే ఖర్చు చేసుకోకండి.

ఓనర్ కాదు, మేస్త్రి

చాల మంది తప్పు చేసేది ఈడనే. పక్క ప్లాట్ ఓనర్‌కు ఫోన్ చేస్తరు, ఆయన హైదరాబాద్‌లనో అమెరికాలనో ఉంటడు, సరే చెప్త అంటడు, అంతే సంగతి. పనిని నడిపించేది మేస్త్రి. ఏ దినం ఎంతమంది రావాలె, మిషన్ ఎక్కడ పెట్టాలె, ఎప్పుడు మొదలు పెట్టాలె అన్నీ ఆయన చేతులనే ఉంటయి.

పోయేటప్పుడు టైమ్ చూసుకోండి. పొద్దున పని మొదలయ్యేటప్పుడు వద్దు, ఆయన తలకాయ తిరుగుతుంటది. సాయంత్రం అయిదున్నర ఆరుకు, సామాన్లు కడుగుతున్నప్పుడు పోవాలె. నేను పోయిన దినం ఎండ మండిపోతుంది, ఒక క్యాన్ల మజ్జిగ పట్టుకపోయిన. మేస్త్రి నన్ను చూసి కొట్లాటకు వచ్చిందనుకొని ముఖం గట్టిగ పెట్టుకున్నడు.

"అన్నా, ఆపుమని చెప్పడానికి రాలేదు. రేపు ఏం పనో చెప్తె మా పని మేం సర్దుకుంటం" అన్న.

కొంచెం సేపు చూసి, "అక్కా, రేపు సలాక కోసుడు. పొద్దున మీకు ఇబ్బందా?" అన్నడు.

"మా ఆయన ఏడింటికి వచ్చి పండుకుంటడు, పన్నెండింటి దాక నిద్రుంటే చాలు."

"పన్నెండు దాకనా..." అని తల గోక్కున్నడు. "అది కాదక్కా. గాని మిషన్ ఆ మూలకు పెట్టిస్త."

ఆ మూల అంటే మా కిటికీకి పదడుగుల కాడ ఉన్న మిషన్ ప్లాటు అవతలి మూలకు, నలభై అడుగుల దూరం పోయింది. దూరం డబుల్ అయిన ప్రతిసారి చప్పుడు 6 డెసిబెల్స్ తగ్గుతది, అంటే పది నుంచి నలభైకి పోతే 12 తగ్గినట్టు, 10 డెసిబెల్స్ తగ్గితేనే మన చెవికి సగమైనట్టు అనిపిస్తది. పైగా మధ్యల గోడలు లేచినంక ఆ గోడల చాటుకు పెట్టుమంటే ఇంక తగ్గుతది. రూపాయి ఖర్చు లేని పని ఇది, మీరు మేస్త్రిని ఒక్కటే అడగాలంటే ఇదే అడగండి: కోసే మిషన్ మా కిటికీకి దూరంగ, గోడ చాటుకు.

రెండోది, కోసుడు అంత ఒక్కపారి పెట్టుకొమ్మనండి. టైల్స్ వాళ్లు ఒకటి కొలిచి ఒకటి కోస్తరు, దాంతోని దినమంత చప్పుడు. అన్నీ కొలిచి రాసుకొని ఒక రెండు గంటల్ల కోసేస్తే మిగతా దినమంత ఊపిరి పీల్చుకోవచ్చు. అన్ని ముక్కలకు కుదరదు, మూలలకు సరిగ్గ పట్టాలంటే అప్పటికప్పుడు కొయ్యాల్సిందే, గాని సగానికి సగం కుదురుతది. మా బిడ్డ పరీక్షలప్పుడు కోసుడు పదింటి నుంచి ఒంటిగంట దాకనే అని మాట్లాడుకున్నం, అప్పుడప్పుడు తప్పిన్రు, ఎక్కువ మాట నిలబెట్టుకున్నరు. గ్రానైట్ పనికి వచ్చినోళ్లు రాజస్థాన్ పిలగాళ్లు, వాళ్లతోని హిందీల మాట్లాడిన, మన పాలమూరు హిందీ ఇని నవ్వుకున్నరు గాని అర్థమైతే చాలు కదా.

ఇంక దినాం సాయంత్రం వాళ్లు పోయేటప్పుడు బాల్కనీల నుంచే "అన్నా, రేపు ఏం పని?" అని అడుగుడు అలవాటైపోయింది. ఆయన "రేపు ప్లాస్టరింగ్ అక్కా, నిమ్మలంగ పండుకొమ్మను" అనేటోడు. ఆ నెలలల్ల నాకు వాతావరణ వార్తలు అంటే అవే.

ఇంకో రెండు లెక్కలు గుర్తుంచుకోండి. ఎండాకాలం పని పొద్దున తొందరగ మొదలైతది, మధ్యాహ్నం ఎండల ఆపుతరు, మళ్ల చల్లబడినంక చేస్తరు, అంటే మధ్యాహ్నం నిద్ర దొరుకుతది, తెల్లవారుజాము నిద్ర పోతది. ఇంకోటి, గృహప్రవేశం ముహూర్తం ఎప్పుడో కనుక్కోండి. తారీఖు ఖాయమైన ఇంటికి చివరి నెల దయ్యం పట్టినట్టు పనైతది, రాత్రులు గూడ చేస్తరు, ఆషాఢం గాని మూఢం గాని ముందర ఉంటే ఇంక చెప్పొద్దు, అది రాకముందే పాలు పొంగియ్యాలని ఉరుకుతరు. దసరాకు, ఉగాదికి, పీర్ల పండుగకు కూలోళ్లు ఊర్లకు పోతరు, ఒకోసారి వారం దాక రారు, ఆ దినాలు మనయి.

కిటికీ పని పట్టండి

తొమ్మిదించుల ఇటుక గోడ చప్పుడును బాగనే ఆపుతది. దొంగ అంత కిటికీనే. జరిపే అద్దాల కిటికీలైతే రెండు అద్దాలు కలిసే కాడ, కింద గాడి కాడ సందులు ఉంటయి, చప్పుడు నీళ్ల లెక్కనే, ఎక్కడ సందుంటే ఆడికెళ్లి వస్తది. ఒక అగరొత్తి ముట్టించి, ఫ్యాన్ బంద్ చేసి, కిటికీ అంచుల పొంటి నిమ్మలంగ తిప్పండి, పొగ ఎక్కడ వణికితే ఆడ సందుంది. అక్కడ హార్డ్‌వేర్ షాపుల దొరికే నురగ టేపు అంటియ్యండి, తలుపు కింద సందుకు పాత చీర చుట్టి పెట్టండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు టేపు పీకేయొచ్చు, కొద్దిగ జిగురు మిగిలితే కిరోసిన్ గుడ్డతోని తుడిస్తే పోతది, ఓనర్‌కు చెప్పే పనే లేదు.

టేపు తర్వాత బొంత. పాత చీరలు మడతలు పెట్టి కుట్టిన మందపాటి బొంత అమ్మమ్మల కాలంది అందరిండ్లల్ల ఒకటుంటది, దాన్ని కర్టెన్ రాడ్‌కు వేలాడదీసి కిటికీ మొత్తం, పక్కలకు ఇంకో జానెడు ఎక్కువ పట్టేటట్టు కప్పండి. పల్చటి కర్టెన్ చప్పుడును ఏం ఆపదు, బరువు ఉండాలె. గొంగడి ఉంటే ఇంక మంచిది. కోడిగుడ్ల ట్రేలు గోడకు అంటిస్తే చప్పుడు రాదని ఎవరో చెప్తె మా కింది ఫ్లోరోళ్లు నిజంగనే అంటించిన్రు, ఏం కాలేదు, బల్లులు మాత్రం ఇల్లు కట్టుకున్నయి. ఆ ట్రేలు బయటి చప్పుడును ఆపేటియి కావు.

ఇది అంత చేసినంక చప్పుడు పోతదని కాదు, పదునైన కూత పోయి బొంగురు మోత మిగులుతది. దాన్ని నిద్రల భరించొచ్చు.

పండుకునే గది మార్చుడు గూడ ఆలోచించండి. మేం మంచం తీసి వంటింటి పక్కనున్న చిన్న గదిల వేసినం, మా ఆయన బియ్యం డబ్బా పక్కన ఎనిమిది నెలలు పండుకున్నడు, నిద్ర పట్టిందంటే చాలు అన్నడు.

చెవులకు

నురగ ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి, చెవుల పెట్టుకున్న పనిజెయ్యలే అనేటోళ్లు ఎక్కువ శాతం తప్పు పెట్టుకుంటరు. వేళ్ల మధ్య సన్నగ బత్తి లెక్క నలపాలె, ఇంకో చేత్తో తల ఎనక నుంచి చెవిని పైకి, ఎనక్కి గుంజి పట్టుకోవాలె, అప్పుడు లోపలికి తోసి, ఉబ్బే దాక ఒక అర నిమిషం వేలుతోని ఆపి పట్టాలె. సరిగ్గ కూసుంటే మీ గొంతు మీకే కుండల మాట్లాడినట్టు ఇనవడతది. దినాం కొత్తవి అక్కర్లేదు, గాని మురికి పట్టినంక పారెయ్యండి. చిన్న పిల్లలకు పెట్టకండి, పీకి నోట్ల వేసుకుంటరు.

చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్లు ఉన్నయి కదా, అవి మిల్లర్ లాంటి ఒకే తీరు మోతకు బాగ పనిజేస్తయి, సుత్తి దెబ్బలకు అంతగ కాదు. వాటికోసమే వేలకు వేలు పెట్టకండి, ఇంట్ల ఉంటే వాడుకోండి.

మన దగ్గర అందరికి ఉన్న మంచి మందు కూలర్. ఆ జుయ్యిమనే మోతల చిన్న చిన్న చప్పుళ్లు మునిగిపోతయి, చలికాలం గూడ మేం నీళ్లు పొయ్యకుంట ఫ్యాన్ ఒక్కటే నడిపించినం. ఒక కిరికిరి ఏందంటే కూలర్ కిటికీ కాడ పెడితే పక్క ప్లాటు దుమ్ము అంత గుంజుకుంటది. మార్చిల మా కూలర్ గడ్డి తీసి చూస్తే బూడిద రంగుల గట్టిగ అట్ట కట్టింది, వేలుతోని నొక్కితే పొడి రాలింది, గ్రానైట్ పొడి అది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. కోసుడు నడిచే దినాలల్ల కూలర్‌ను వేరే దిక్కు కిటికీకి మార్చుకోండి, గడ్డి వారానికోసారి కడగండి. నీళ్లు కొట్టుకుంట కోస్తే దుమ్ము చాల తగ్గుతది, ఇది గూడ మేస్త్రికి చెప్పొచ్చు.

ఫోన్ మీటింగులు ఉన్నోళ్లు జూమ్‌ల సెట్టింగ్స్‌కు పోయి బయటి చప్పుడు తగ్గించేది పెట్టుకోండి, మైకు నోటి దగ్గర ఉండే చవక ఇయర్‌ఫోన్ వాడండి, మాట్లాడనప్పుడు మ్యూట్. చదువుకునే పిల్లలను జిల్లా గ్రంథాలయానికి పంపియ్యండి, పోటీ పరీక్షలోళ్లతోని నిండి ఉంటది కాబట్టి పొద్దున్నే పోతేనే జాగ దొరుకుతది.

రాత్రి పది దాటినంక

ఇక్కడిదాక సర్దుకుపోవుడు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాక సర్దుకుపోవాల్సిన పని లేదు. శబ్ద కాలుష్య నియమాలు 2000ల వచ్చినయి, 2010ల వాటిని మార్చినప్పుడు ఇండ్లు ఉన్న ఏరియాలల్ల రాత్రి పూట చప్పుడు చేసే కన్‌స్ట్రక్షన్ మిషన్లు నడపొద్దని అందుల రాసిన్రు. రాత్రి అంటే పది నుంచి ఆరు. పర్మిషన్ ఉంది కదా అని వాళ్లు అనొచ్చు. ఇల్లు కట్టుకునే పర్మిషన్ ఉన్నంత మాత్రాన రాత్రి మిషన్ తిప్పొచ్చని కాదు. తాపీతోని గోడ కడితే, రంగులు వేస్తే ఎవ్వరు ఏం అనరు, అది గుర్తుంచుకోండి, లైటు వేసిన్రని ఫోన్ చెయ్యకండి.

పగటి సంగతి ఏందంటే ఇండ్ల ఏరియాకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని హద్దు పెట్టిన్రు, హద్దు కంటె 10 డెసిబెల్స్ గాని ఇంక ఎక్కువ గాని దాటితే ఫిర్యాదు ఇయ్యొచ్చని గూడ ఉంది. హాస్పిటల్, స్కూల్, కోర్టుకు వంద మీటర్లల్ల సైలెన్స్ జోన్ అని సర్కారు ప్రకటించిన కాడ ఇంక తక్కువ, పగలు 50, రాత్రి 40. గాని నా మాట ఇనండి, పగలు చప్పుడు మీద కంప్లైంట్ ఇచ్చి పని ఆపించినోళ్లను నేను చూడలేదు, మీరు మేస్త్రితోని పెంచుకున్న మంచితనం మాత్రం ఆ దినంతోనే పోతది. రాత్రి చప్పుడు మీద అయితే గట్టిగ నిలవడండి.

క్రమం ఇట్ల పెట్టుకోండి. మొదటి రాత్రి మేస్త్రికి ఫోన్, నంబరు ముందే తీసుకొని ఉండాలె. ఇనకపోతే పక్క ప్లాట్ ఓనర్‌కు, మన ఇంటి ఓనర్‌తోని చెప్పిస్తే ఇంక మంచిది, ఓనర్లు ఓనర్ల మాట ఇంటరు, కిరాయిదారు మాట కంటె దానికే బరువుంటది, బాధేస్తది గాని నిజం. అప్పటికి గూడ ఆగకపోతే 112కు ఫోన్ చెయ్యండి. ఫోన్‌ల ఏడవకండి, తిట్టకండి, "ఫలానా కాలనీ, ఫలానా గుడి ఎనక, ఇండ్ల మధ్య రాత్రి పదకొండింటికి కటింగ్ మిషన్ నడుస్తుంది, ఇంట్ల పేషెంట్ ఉన్నరు" అని గుర్తు చెప్పి పెట్టెయ్యండి. పేషెంట్ లేకపోతే ఉన్నరని చెప్పకండి మళ్ల. మా కాడ ఒకసారే చేసిన, బండి వచ్చింది, మిషన్ ఆగింది, తెల్లారి మేస్త్రి రెండు దినాలు నాతోని మాట్లాడలేదు, మూడోదినం మళ్ల మామూలే.

రుజువు రాసి పెట్టుకోండి. క్యాలెండర్ మీదనే చాలు, తారీఖు, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ఆగింది, ఏ మిషన్. ఒక వీడియో, అందుల గోడ గడియారం గాని టీవీల వార్తలు గాని కనవడేటట్టు. ఫోన్‌ల డెసిబెల్ యాప్ ఎంత చూపించినా దాన్ని ఎవ్వరు కొలతగ ఒప్పుకోరు, మైకు మైకుకు తేడా ఉంటది, మీ అందాజకు మాత్రమే. పదే పదే జరిగితే, కాలనీల అయిదారు ఇండ్లోళ్లు సంతకాలు పెట్టిన కాగితం సోమవారం కలెక్టరేట్‌ల జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిల ఇయ్యండి, రసీదు తీసుకోండి. ఒక్కరు ఇస్తే పక్కింటి కొట్లాట అంటరు, ఆరుగురు ఇస్తే కాలనీ సమస్య అయితది.

ఇంటి ఓనర్‌తోని రెండు మాటలు

బ్రేకర్ రాకముందే, లేదా వచ్చిన దినమే, మీ గోడలన్నీ ఫోటోలు తియ్యండి. మూలలు, కిటికీల మీది భాగం, బాత్రూమ్ టైల్స్. బండ కొట్టే అదురుకు సన్నటి పగుళ్లు రావొచ్చు, రేపు ఖాళీ చేసేటప్పుడు అవి మీ వల్లనే వచ్చినయని అడ్వాన్సుల కోస్తె మీ దగ్గర ఏముంటది? ఫోటోలు ఓనర్‌కు వాట్సాప్ పెట్టండి, తారీఖు దానికదే ఉంటది. పగులు కొత్తగ వస్తే పక్కన పెన్సిల్‌తోని గీత గీసి తారీఖు రాయండి, పెద్దగైతుందో లేదో తెలుస్తది, పెద్దగైతే అది ఓనర్లిద్దరు మాట్లాడుకోవాల్సిన సంగతి, చప్పుడు కంటె పెద్దది.

కిరాయి తగ్గించమని అడగొచ్చా? అడగొచ్చు, ఇయ్యాలన్న రూల్ ఏం లేదు. నేను తగ్గించుమని అడగలేదు, ఈ ఏడాది పెంచొద్దని అడిగిన. దానికి ఒప్పుకున్నడు. ఖాళీ చేసిపోతే పక్కన పని నడుస్తుంటే ఆ ఇంటికి ఇంకొకలు తొందరగ రారు, అది ఆయనకు గూడ తెలుసు, మీరు నోటితోని అనాల్సిన పని లేదు.

మళ్ల ఇల్లు చూసేటప్పుడు

చుట్టు నాలుగు దిక్కుల ఖాళీ ప్లాట్ ఉందా చూడండి. ఉంటే అందుల తుమ్మ చెట్లు, చెత్త ఉంటే కొంచెం నయం. కంప చెట్లు కొట్టి సాపు చేసి ఉన్నదా, మూలల ఇసుక కుప్ప పడ్డదా, కరెంటు మీటర్ కొత్తది పెట్టిన్రా, అయితే రెండు నెలలల్ల మొదలైతది. మూల మీది కిరాణ దుకాణం ఆయనను అడిగితే ప్లాట్ ఎవరిది, కొడుకు పెండ్లి ఎప్పుడు, లోన్ వచ్చిందా, అంత చెప్తడు. సగం కట్టి ఆపిన ఇల్లు పక్కన ఉంటే అది ఖాళీ ప్లాట్ కంటె చెడ్డది, ఎప్పుడు పైసలు అందితే అప్పుడు మొదలైతది, మెత్తటి పనులు అయిపోయి గ్రానైట్ పనే మిగిలి ఉంటది.

మా పక్కింటి గృహప్రవేశం వైశాఖంల అయింది, మమ్మల్ని భోజనానికి పిలిచిన్రు, పోయినం, ఇల్లు మంచిగనే వచ్చింది, ఆ మెట్ల గ్రానైట్ ప్రతి ముక్క ఏ దినం కోసిన్రో నాకు తెలుసు. పోయిన వారం మా వంటింటి కిటికీ దిక్కున్న ప్లాట్ల ఎవరో దారాలు పట్టి కొలుస్తున్రు. చూస్తే అదే మేస్త్రి. నన్ను చూసి చెయ్యి ఊపి గట్టిగ ఒర్రిండు, "అక్కా, పరేషాన్ గాకు, దీంట్ల బండ లేదు!"